కురుసుర పక్కన ఒక సరుకు ఓడకి కూడా చోటివ్వండి: వీఎంఆర్‌డీఏ అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

విశాఖ రామకృష్ణా బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం నడిపిస్తున్న మీ అందరికీ నమస్కారం. నేను గాజువాకలో ఉంటాను. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల ఇంజిన్ రూముల్లో పని చేసి రిటైరైన మనిషిని. ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయట్లేదు. ఒక జలాంతర్గామిని నీళ్లలోంచి తెచ్చి ఇసుక మీద నిలబెట్టి, 2002 నుంచి ఇన్నేళ్లుగా చిన్నా పెద్దా అందరికీ లోపలంతా తిప్పి చూపిస్తున్నారు. ఆ పని మీద నాకు చాలా గౌరవం ఉంది, అందుకే మీ దగ్గరే ఒక కోరిక అడగాలనిపించింది.

మొన్న సెలవులకి మా చెల్లెలి పిల్లలు రాజమండ్రి నుంచి వస్తే కురుసుర చూపించడానికి తీసుకెళ్లాను. ముందు భాగంలో టార్పెడో గొట్టాల దగ్గర గైడు గారు, ఆయనా నేవీలో రిటైరైనవారే, చాలా బాగా చెప్పారు. టార్పెడో ఎలా ఎక్కిస్తారు, గొట్టం ఎలా మూస్తారు, ఎలా వదులుతారు అన్నీ. పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. నేను మాత్రం ఆ గొట్టం నోటి దగ్గర నిలబడి, ఇది వెళ్లి తగిలేది ఎక్కడా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. తగిలేది నేను పని చేసిన చోటే. ఓడకి నడుమ, నీటి మట్టానికి కింద, ఇంజిన్ రూము. అక్కడ కొడితే ఓడ నిలిచిపోతుంది కాబట్టి వీలైతే అక్కడికే గురి చూసేవాళ్లు. అక్కడి నుంచి పైకి రావాలంటే మూడు నాలుగు అంతస్తులు ఇనుప నిచ్చెనలు ఎక్కాలి, లైట్లు పోయి, ఆవిరి గొట్టాలు పగిలి, నీళ్లు మోకాళ్లు దాటి వస్తుంటే. ఆ వాచ్‌లో, అంటే ఆ షిఫ్టులో, ఉన్నవాళ్లలో పైకి వచ్చినవాళ్లు చాలా తక్కువ.

బయటికి వచ్చి రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంది. అది జలాంతర్గాములని వెతికి వేటాడటానికి చేసిన విమానం. అంటే మన బీచ్ రోడ్డులో వేటగాడు ఉన్నాడు, ఆ వేటగాడిని వేటాడేవాడూ ఉన్నాడు, వేటకి గురైనవాడే లేడు. రెండు ప్రపంచ యుద్ధాల్లో సముద్రం మీద జరిగిన ఇంత పోరాటమూ దేని కోసం? బొగ్గు, గోధుమలు, ఇనుప ఖనిజం, పెట్రోలు, కలప మోసుకుంటూ ఏడెనిమిది నాట్ల వేగంతో, అంటే గంటకి పదమూడు పదిహేను కిలోమీటర్లతో, పోయే మామూలు సరుకు ఓడల కోసం. వాటిని ముంచాలని ఒకరు, దాటించాలని ఇంకొకరు. ఆ ఓడల్లో ఉన్న మనుషుల గురించి మన ఊళ్లో ఒక్క బోర్డు కూడా లేదు. దాన్ని పెట్టమనే ఈ ఉత్తరం.

కాన్వాయ్ అంటే మనవాళ్లకి మంత్రుల కార్ల వరసే గుర్తొస్తుంది. సరుకు ఓడలని కాపలాతో గుంపుగా నడిపించడాన్నీ కాన్వాయ్ అనే అంటారు. అది ఎలా ఉంటుందో నాకు కొద్దిగా తెలుసు. సోమాలియా సముద్రపు దొంగల భయం ఉన్న రోజుల్లో, 2008 అక్టోబరులో మన నేవీ గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో కాపలా మొదలుపెట్టాక, మా ఓడ కూడా అలాంటి గుంపులో వెళ్లింది. గుంపు వేగాన్ని నిర్ణయించేది అందరికన్నా నెమ్మదిగా పోయే ఓడ. మా ఇంజిన్ ఇంకా లాగగలదని తెలిసి కూడా తగ్గించి నడపాలి, పక్క ఓడకి దగ్గర కాకూడదు, దూరం కాకూడదు. ఆ దారి దాటేదాకా సరిగ్గా నిద్ర పట్టలేదు, అంత టెన్షన్. ఆ దొంగల దగ్గర ఉన్నవి తుపాకులూ, రాకెట్ లాంచర్లూ, నిచ్చెనలూ. 1940లో అట్లాంటిక్ దాటినవాళ్లకి అదే భయం రెండు వారాలకి పైగా, చలికాలపు తుఫానుల్లో, నీళ్ల కింద నుంచి ఏ నిమిషంలో ఏం వస్తుందో తెలియకుండా.

ఆ గుంపు కట్టడం ఒక పెద్ద విద్య. నలభై ఓడలుంటే పొడుగాటి ఒకే వరస కట్టరు. తొమ్మిది పది వరసలు పక్కపక్కన, ఒక్కో వరసలో నాలుగైదు ఓడలు, అంటే పొడుగు కన్నా వెడల్పు ఎక్కువ. పెట్రోలు ట్యాంకర్లూ మందుగుండు ఓడలూ వీలైనంతవరకు మధ్యలో. ఒక సరుకు ఓడలోనే కమోడోర్, అంటే గుంపంతటికీ పెద్ద, ఉంటాడు, చాలామంది రిటైరైన అడ్మిరల్సే మళ్లీ వచ్చి ఆ పని చేశారు, ఆయన జెండాలతో చెప్తే అందరూ ఒకేసారి తిరగాలి. రాత్రి దీపాలుండవు, ముందున్న ఓడ వెనక వెలిగే సన్నటి నీలం లైటు చూసుకుంటూ పోవాలి. పొగమంచు పట్టిందంటే ముందు ఓడ తాడు కట్టి వెనక లాగే బుయ్యే, అంటే నీటి మీద తేలే గుర్తే, దిక్కు. చెత్త పగలు పారేయకూడదు, దాని జాడ పట్టుకుని జలాంతర్గామి వస్తుంది. పొగ అసలు ఎక్కువ రాకూడదు. ఈ చివరి మాట ఇంజిన్ రూములో పని చేసినవాడికే అర్థమవుతుంది. నాసి రకం బొగ్గు ఇచ్చి, వేగం తగ్గకూడదు, పొగ రాకూడదు అంటే ఆ భారమంతా పార పట్టుకుని బాయిలర్ ముందు నిలబడ్డవాడి మీదే పడుతుంది. బాయిలర్ శుభ్రం చేయడానికని కాసేపు వేగం తగ్గించి వెనకబడ్డ ఓడ ఒంటరిదైపోయేది, అలా వెనకబడ్డవాటినే ముందు పట్టుకునేవాళ్లు.

ఇన్ని ఓడల్ని ఒకచోట చేర్చితే శత్రువుకి పని తేలిక చేసినట్టే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం పెద్దలూ సరిగ్గా అలాగే అనుకున్నారు. సరుకు ఓడల కెప్టెన్లకి వరసలో నడవడం చేతకాదనీ అన్నారు. అలా అనుకుంటూ ఉండగానే 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులకి పైగా ఓడలు మునిగాయి, అప్పుడు గానీ కాన్వాయ్‌లు మొదలుపెట్టలేదు. మొదలుపెట్టాక నష్టం బాగా తగ్గింది. కారణం చిన్నదే. సముద్రం చాలా పెద్దది. యాభై ఓడలు యాభై దారుల్లో పోతే జలాంతర్గామికి ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. యాభై కలిసి పోతే అది ఒకే ఒక్క చోటు, సముద్రం మిగతాదంతా ఖాళీ. ఆ చోటు దొరికినా చుట్టూ కాపలా ఉంటుంది. రెండో యుద్ధంలో ప్యాట్రిక్ బ్లాకెట్ అనే శాస్త్రవేత్త బృందం ఇంకో లెక్క కట్టింది. గుంపులో ఓడలు రెట్టింపైనా చుట్టుకొలత రెట్టింపు అవదు, కాబట్టి అవే కాపలా ఓడలతో పెద్ద కాన్వాయ్‌ని చిన్నదాని కన్నా బాగా కాపాడొచ్చని. ఈ బ్లాకెట్‌కే 1948లో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ గారి ప్రభుత్వానికి రక్షణ విషయాల్లో సలహాలిచ్చిందీ ఈయనే. ఇంటర్ పిల్లలకి వృత్తం లెక్క చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉందా చెప్పండి.

అయితే కాన్వాయ్ ఉన్నంత మాత్రాన చాలదని 1940 అక్టోబరులో తెలిసింది. ఎస్‌సీ-7 అనే కాన్వాయ్ 35 ఓడలతో కెనడాలోని నోవా స్కోషియా నుంచి అక్టోబరు 5న బయలుదేరింది. దారిలో చాలా భాగం కాపలాకి ఉన్నది ఒకే ఒక్క చిన్న యుద్ధనౌక. ఆ రోజుల్లో నీళ్ల కింద ఉన్న జలాంతర్గామిని శబ్దంతో పట్టే యంత్రం ఉంది గానీ, పైకి తేలి వచ్చేదాన్ని అది పట్టలేదు. యూ-బోట్లు అనే జర్మన్ జలాంతర్గాములు అందుకే రాత్రిపూట పైకి తేలి వచ్చేవి. నీటి మీద వాటి వేగం 17 నాట్లు, ఈ ముసలి ఓడలది అందులో సగం కూడా కాదు. ఒక్కటి చూస్తే రేడియోలో మిగతావాటిని పిలిచేది, అన్నీ చేరాక కలిసి మీద పడేవి. క్రెట్ష్మెర్ అనే కెప్టెన్ ఏకంగా ఓడల వరసల మధ్యలోకే వచ్చి కొట్టాడు. 35లో 20 పోయాయి, అందులో ఎక్కువ భాగం ఒక్క రాత్రిలో. కలప వేసుకున్న ఓడలు దెబ్బ తిని కూడా కాసేపు తేలాయి. ఇనుప ఖనిజం వేసుకున్నవి నిమిషాల్లో వెళ్లిపోయాయి. నేను కూడా ఇనుప ఖనిజం మోసే ఓడల్లో చేశాను, మన విశాఖ పోర్టు నుంచే ఎన్నోసార్లు. హోల్డులో, అంటే సరుకు వేసే గదిలో, సరుకు అడుగున కొద్దిగానే కనిపిస్తుంది, మిగతాదంతా ఖాళీ, బరువు మాత్రం నిండా ఉంటుంది. అలాంటి ఓడకి కన్నం పడితే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించేది. పక్క ఓడ మునిగితే ఆగకూడదు. నీళ్లలో మనుషులు అరుస్తున్నా సరే, వరస తప్పకూడదు, ముందుకి పోవాలి. ఆగితే తర్వాతి టార్పెడో నీకే. ఆ ఆజ్ఞ ఇచ్చినవాళ్లు క్రూరులని నేను అనను, అది నిజంగానే తప్పదు. కానీ బాయిలర్ ముందు నిలబడి పైన ఏం జరుగుతోందో కనపడక, పేలుడు దెబ్బ ఓడ అడుగు రేకుకి సుత్తితో కొట్టినట్టు వినిపిస్తుంటే, అది మనది కాదు, ఈసారికి మనది కాదు అనుకుంటూ మళ్లీ బొగ్గు వేసినవాడి మనసు ఎలా ఉండి ఉంటుంది? 1941 నుంచి కాన్వాయ్ వెనక రెస్క్యూ షిప్పులని పెట్టారు, అవి మొత్తం మీద 4 వేల మందికి పైగా ప్రాణాలు కాపాడాయి. అంతకు ముందు పోయినవాళ్లకి ఆ అదృష్టం కూడా లేదు.

ఆ బొగ్గు వేసినవాళ్లలో మనదేశం వాళ్లు ఎందరో తెలిస్తే మీరే ఆశ్చర్యపోతారు. యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ వర్తక నౌకల్లో పని చేసేవాళ్లలో సుమారు నలుగురికి ఒకరు మన ఉపఖండం మనిషి. లస్కర్లు అనేవాళ్లు. సిల్హెట్, చిట్టగాంగ్, నవఖాళీ, కొంకణం, గోవా, పంజాబ్ ఇలా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. వాళ్ల పెద్దని సరంగు అనేవాళ్లు, గోదావరి మీద లాంచీ నడిపేవాడిని మనం ఇప్పటికీ పిలిచేది ఆ పేరుతోనే. కింద పనివాళ్లు కళాసీలు, మన పోర్టులో ఇప్పటికీ వినపడే మాట. అంటే ఆ మాటలు మన నోట్లో బతికే ఉన్నాయి, మనుషులని మర్చిపోయాం. జీతం తెల్ల నావికుడికి ఇచ్చేదాంట్లో నాలుగో వంతు, ఐదో వంతు. టార్పెడోకి మాత్రం ఆ తేడా తెలియదు కదా. 1939 చివర్లో లస్కర్లు సమ్మె చేశారు, ప్రాణాలు పణంగా పెట్టి పోతున్నాం, జీతం పెంచండి అని. చాలామందిని జైల్లో వేశారు, తర్వాత కొంత పెంచారు. యుద్ధం అయిపోయేసరికి 6 వేల మందికి పైగా భారత నావికులు సముద్రంలోనే పోయారు. వాళ్లలో చాలామంది పేర్లు ముంబైలోని ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో ఒక పుస్తకంలో ఉన్నాయి, దాని ప్రతి ఒకటి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానంలో ఉంది. కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున మొదటి యుద్ధంలో పోయిన 896 మంది లస్కర్ల కోసం ఒక స్తంభం కట్టారు. తూర్పు తీరంలో ఇంత పెద్ద ఓడరేవు ఉన్న మన ఊళ్లో ఏదీ లేదు.

ఒక్క ఓడ గురించి మాత్రం వివరంగా చెప్పనివ్వండి. దాని పేరు సిటీ ఆఫ్ బెనారస్, మన కాశీ పేరు. 1940 సెప్టెంబరు 13న లివర్‌పూల్ నుంచి కెనడాకి బయలుదేరింది. బాంబు దాడుల నుంచి తప్పించడానికి ప్రభుత్వం పంపిస్తున్న 90 మంది పిల్లలున్నారు అందులో. సిబ్బందిలో ఎక్కువమంది లస్కర్లు. కాపలా ఓడలు కొంత దూరం వచ్చి, అప్పటి పద్ధతి ప్రకారం వేరే కాన్వాయ్ కోసం వెళ్లిపోయాయి. 17వ తేదీ రాత్రి యూ-48 కొట్టిన టార్పెడో తగిలింది. తుఫాను, చలి, బోల్తా పడ్డ లైఫ్‌బోట్లు. 77 మంది పిల్లలు పోయారు. లస్కర్లు సుమారు 100 మంది పోయారు, వేడి దేశాల బట్టలతో ఆ చలి నీళ్లలో. ఒక లైఫ్‌బోటు మాత్రం ఎవరి కంటా పడకుండా ఎనిమిది రోజులు కొట్టుకుపోయింది. అందులో 46 మంది, ఆరుగురు పిల్లలు, వాళ్లకి కథలు చెప్తూ చేతులూ కాళ్లూ రుద్దుతూ బతికించుకున్న మేరీ కార్నిష్ అనే సంగీతం టీచరమ్మ, మిగతావాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. చివరికి ఒక విమానం చూసింది. ఆ పిల్లల గురించి అక్కడ చాలా రాశారు, రాయాలి కూడా. అదే బోటులో కూర్చున్న లస్కర్ల పేర్లు మనమైనా ఎప్పుడన్నా అడిగామా?

మన సముద్రంలోనూ జరిగింది. 1942 నవంబరు 23న బొంబాయి నుంచి ఆఫ్రికాకి పోతున్న తిలావా అనే ఓడని జపాన్ జలాంతర్గామి ఐ-29 ముంచింది. కాన్వాయ్ లేదు, ఒంటరి ప్రయాణం. 280 మంది పోయారు, ఎక్కువమంది మనదేశపు ప్రయాణికులు. ఆ తర్వాత అయిదు నెలలకి, 1943 ఏప్రిల్‌లో మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ గారిని జర్మన్ జలాంతర్గామి నుంచి ఎక్కించుకున్నది ఇదే ఐ-29. ఆయన పక్కన ఉన్నది మన హైదరాబాదీ ఆబిద్ హసన్. వాళ్లు అంతకుముందు ప్రయాణించిన యూ-180 దారిలో, వాళ్లు లోపల ఉండగానే, కార్బిస్ అనే బ్రిటిష్ ట్యాంకర్‌ని ముంచింది. నేతాజీ అంటే మా ఇంట్లో గోడ మీద పటం ఉంది. ఇది రాయడానికి నాకూ కష్టంగానే ఉంది. కానీ చరిత్ర అంతా చెప్పాలంటే గొట్టం వెనక ఉన్నవాళ్లనీ, గొట్టం ముందు ఉన్నవాళ్లనీ ఇద్దరినీ చెప్పాలి. పిల్లలు అర్థం చేసుకుంటారు, మనం అనుకున్న దానికన్నా బాగానే.

ఇక మన ఊరి సంగతి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా జపాన్ విమానాలు బాంబులు వేశాయని పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఆ బాంబుల్లో ఒకటి మన విశాఖ మ్యూజియంలో ఉంది కూడా. అదే రోజుల్లో బంగాళాఖాతంలో కాపలా లేకుండా పోతున్న 20కి పైగా సరుకు ఓడలని జపాన్ యుద్ధనౌకలూ విమానాలూ ముంచేశాయన్న సంగతి ఎంతమందికి తెలుసు? అవి జలాంతర్గాములు కాదు నిజమే, కానీ విడివిడిగా పోయే సరుకు ఓడలకి ఏమవుతుందో అదీ చెప్తుంది. మనం రోజూ సాయంత్రం పల్లీలు తింటూ చూసే సముద్రమే అది.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. కురుసుర టికెట్ కౌంటర్ దగ్గరో, బయటికి వచ్చే దారిలోనో నాలుగైదు బోర్డులు, తెలుగులో, చదివితే అర్థమయ్యే తెలుగులో. కాన్వాయ్ ఎలా కట్టేవాళ్లో చిన్న చెక్క ఓడలతో ఒక నమూనా, పిల్లలు చేత్తో జరిపి చూసేలా. ఒక పాత లైఫ్‌బోటు, ఇక్కడ షిప్‌యార్డు ఉన్న ఊళ్లో అది దొరక్కపోదు, అందులో 46 మంది కూర్చుంటే ఎలా ఉంటుందో కూర్చుని చూసేలా. ముంబైలో ఉన్న ఆ పేర్ల పుస్తకం నుంచి కొన్ని పేజీల నకలు అడిగి తెప్పించి అద్దంలో పెట్టండి. జనం చూస్తారా అనే అనుమానం వద్దు. 2020 అక్టోబరులో వాయుగుండానికి తెన్నేటి పార్కు దగ్గరికి కొట్టుకొచ్చిన ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడని చూడటానికి జనం ఎలా వచ్చారో మీకు గుర్తుండే ఉంటుంది. ఓడని దగ్గర నుంచి చూడాలని అందరికీ ఉంటుంది, చెప్పేవాళ్లే లేరు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2024 జనవరిలో గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి క్షిపణి తగిలి మంటలంటుకుంటే, అందులో 22 మంది మనదేశపు నావికులున్నారు. మంటలార్పడానికి వెళ్లిన యుద్ధనౌక పేరు ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఆ రాత్రి మా పాత సహోద్యోగుల ఫోన్లు తెల్లారేదాకా మోగుతూనే ఉన్నాయి, మనవాళ్లెవరైనా ఉన్నారా, ఇంజిన్ రూములో ఎవరున్నారు అని.

గాజువాక, మల్కాపురం చుట్టుపక్కల మాలాంటి రిటైరైనవాళ్లం ఎనిమిది మందిమి ఉన్నాం. ఇంజిన్ రూము వాళ్లు అయిదుగురు, డెక్ వాళ్లు ముగ్గురు. శని ఆదివారాలు వంతులు వేసుకుని ఆ బోర్డుల దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి చెప్తాం, జీతం అక్కర్లేదు, ఒక కుర్చీ నీడలో వేయించండి చాలు. బోర్డుల మీద రాయాల్సింది తెలుగులో రాసి పెట్టాను, మీరు చరిత్ర తెలిసినవాళ్లతో దిద్దించుకోవచ్చు. వచ్చే ఏప్రిల్ 6 లోపు ఒక్క బోర్డయినా నిలబెట్టగలరేమో చూడండి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు ఆ కాగితాలు తీసుకుని మీ ఆఫీసుకి వస్తాను.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక రిటైర్డ్ ఇంజిన్ రూము ఉద్యోగి